నాన్నగారితో కిలిమంజారో: మరంగు దారా, లెమోషో దారా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: హైదరాబాదు నుంచి మీరు, మీ తమ్ముడు, 58 ఏళ్ళ మీ నాన్నగారు వచ్చే ఏడాది టాంజానియా వెళ్ళి కిలిమంజారో ఎక్కాలనుకుంటున్నారు. మరంగు దారిలో పడుకోవడానికి గదులున్నాయి, ఐదు రోజుల్లో పని అయిపోతుంది, ఖర్చు తక్కువ. అదే తీసుకోవచ్చా, లేక మచామే, లెమోషో దారుల్లో ఒకటి ఎంచుకోవాలా అని అడిగారు. నేను ఆ కొండకు రెండుసార్లు వెళ్ళాను. 2016లో మీరు అనుకుంటున్న ఐదు రోజుల మరంగు దారినే వెళ్ళి, శిఖరం చూడకుండానే దిగి వచ్చాను. 2019లో లెమోషో మీదుగా ఎనిమిది రోజుల ప్రయాణం పెట్టుకుని ఎక్కగలిగాను. ఈ మధ్యలో నాకు మూడేళ్ళ వయసూ, కొంచెం బరువూ పెరిగాయే తప్ప బలమేమీ పెరగలేదు. అందుకే మీకు నా సలహా లెమోషో, అది కూడా ఎనిమిది రోజులకు తగ్గకుండా.

దారి గురించి ఆలోచించేటప్పుడు చాలామంది దూరం ఎంత, ఎక్కుడు ఎంత నిటారుగా ఉంది, గదులా గుడారాలా అని చూస్తారు. వాటికన్నా ముందు ఒక కాగితం మీద ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటారో రాసుకోండి. ఐదు రోజుల మరంగులో మొదటి రాత్రి మందారా 2,720 మీటర్లు, రెండో రాత్రి హొరొంబో 3,720, మూడో రాత్రి కిబో 4,720. అంటే పడక రోజుకు వెయ్యేసి మీటర్లు పైకి జరుగుతోందన్నమాట. మూడు వేల మీటర్లు దాటిన తరువాత పడుకునే ఎత్తును రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పెంచకూడదని పర్వత వైద్యం తెలిసినవారు చెబుతారు. పైగా కిబోలో గడిపేదాన్ని రాత్రి అనడానికి లేదు. చీకటి పడేసరికి ఇంత తిని నడుం వాలిస్తే పదకొండు దాటగానే లేపుతారు, అర్ధరాత్రికల్లా నడక మొదలవుతుంది. 5,895 మీటర్ల ఉహురు శిఖరం దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో ఇంచుమించు సగమే. ఇంత తేడాకు ఒళ్ళు అలవాటు పడడానికి ఆ పథకంలో సమయమే లేదు.

మొదటిసారి ఈ లెక్క నాకు తట్టలేదు. వెళ్ళే ముందు నాలుగు నెలల పాటు నెలకోసారి తిరుపతి వెళ్ళి అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచి ఎక్కి, ఇంకేం కావాలి అనుకున్నాను. కాళ్ళకు అది మంచి సాధనే, మీరూ చేయండి. కానీ తిరుమల కొండ వెయ్యి మీటర్లు కూడా లేదు. పలుచని గాలిలో ఊపిరి లోతుగా తీసుకోవడం, దానికి తగ్గట్టు మూత్రపిండాలు రక్తాన్ని సర్దుకోవడం వంటివి రోజులు గడిస్తేనే జరుగుతాయి, వ్యాయామంతో ముందుగా సంపాదించుకోగలిగినవి కావు. కాళ్ళలో సత్తువ ఉన్నవాడికి ఇంకో ప్రమాదం కూడా ఉంది, వాడు త్వరగా నడుస్తాడు. అక్కడి గైడ్లు రోజంతా 'పోలె పోలె' అంటూనే ఉంటారు. స్వాహిలీలో మెల్లగా, మెల్లగా అని దాని అర్థం. నేను విన్నట్టే విని ముందుకు పోయేవాణ్ణి.

కిబో రాతి కట్టడంలో సూప్ గిన్నె ఎదురుగా పెట్టగానే కడుపులో తిప్పింది. అర్ధరాత్రి బయలుదేరాక గులకరాళ్ళ వాలు మీద వేసిన అడుగులో సగం కిందికే జారుతుంటే, హాన్స్ మేయర్ గుహ అనే చోటికి చేరి కూర్చున్నాం. (1889లో ఈ కొండను తొలిసారి ఎక్కిన ఇద్దరిలో ఒకరి పేరు అది.) గైడు నన్ను ఇంగ్లీషులో ఏవో అడిగాడు, నేను జవాబులు చెప్పాను. ఆయన నా మొహంలో టార్చి వేసి చూసి, నా స్నేహితుడి వైపు తిరిగాడు. "ఒరే, నువ్వు ఆయనతో తెలుగులో మాట్లాడుతున్నావురా" అని వాడు అనేదాకా ఆ సంగతి నాకే తెలియలేదు. కోటు జిప్పు పైకి లాగుదామంటే దాని కొస వేళ్ళకు దొరకలేదు. మనిషి తికమక పడడం మెదడులో వాపు మొదలవుతోందనడానికి గుర్తు కావచ్చు, అప్పుడు చేయవలసింది కిందికి దిగడం ఒక్కటే. గైడు ఇంకేమీ అడగకుండా నన్ను వెనక్కి తిప్పాడు. హొరొంబో చేరిన రెండు గంటలకు తలనొప్పి పోయి ఆకలి వేసింది. ఆ దారినే ఆరు రోజులకు పెంచి, హొరొంబోలో ఒక రాత్రి అదనంగా ఉండే పద్ధతి ఉంది. నేను ఆ ఒక్కరోజు ఖర్చుకు వెనకాడాను.

లెమోషోలో పడకల వరుస వేరు. కొండకు పడమటి వైపు అడవిలో సుమారు 2,700 మీటర్ల దగ్గర మొదటి రాత్రి, తరువాత షిరా మైదానం మీద 3,500 దగ్గర ఒకటి, 3,850 దగ్గర ఇంకొకటి. నాలుగో రోజున మధ్యాహ్నానికి లావా టవర్ అనే నల్లరాతి స్తంభం దాకా, అంటే 4,600 మీటర్లకు ఎక్కించి, భోజనం పెట్టి, సాయంత్రానికి 3,950లో ఉన్న బరాంకో లోయకు దింపుతారు. పగలు పైకి, రాత్రి పల్లానికి అన్నమాట. లావా టవర్ దగ్గర నాకు తల పగిలిపోయేట్టు నొప్పి వచ్చి, మళ్ళీ 2016 గుర్తుకొచ్చి నీరసపడ్డాను. బరాంకోలో మనిషికి రెండింతల ఎత్తు పెరిగిన సెనీసియో చెట్ల మధ్యకు దిగేసరికి అది దానంతటదే తగ్గింది. ఆ రాత్రి అన్నంలో కందిపొడి, వెంట తెచ్చుకున్న నెయ్యి కలుపుకుని తిన్నాను. ఎత్తులో నోరు చచ్చిపోతుంది కాబట్టి తెలిసిన రుచి ఏదో ఒకటి తప్పక పట్టుకెళ్ళండి. ఐదో రాత్రి కరంగాలో నాలుగు వేల మీటర్ల దగ్గర, ఆరో రాత్రి బరాఫులో సుమారు 4,650 దగ్గర గడిపి శిఖరానికి బయలుదేరాం. మరంగులో కిబో, ఇక్కడ బరాఫు, రెండుచోట్లా పడుకున్న ఎత్తు ఇంచుమించు ఒకటే, కానీ బరాఫుకు చేరేసరికి మూడు వేల మీటర్లకు పైన నాలుగు రాత్రులు గడిచాయి, మరంగులో కిబోకు చేరేసరికి గడిచినది ఒక్కటే.

మచామే దారి షిరా తరువాత ఇంచుమించు ఇదే. ఏడు రోజుల మచామే మీకు రెండో ఎంపికగా ఉండవచ్చు, రద్దీ ఎక్కువ అన్నదే దాని లోపం. కరంగా మజిలీ తీసేసి ఆరు రోజుల్లో ముగించే మచామేకు మాత్రం ఒప్పుకోకండి. ఉంబ్వే నిటారు దారి, మీ నాన్నగారితో దాని మాటే వద్దు. ఎక్కింది ఒక దారి, దిగేది మనకు నచ్చిన ఇంకో దారి అనే వీలు అక్కడ లేదు. మచామే, లెమోషోల నుంచి వెళ్ళినవారు మ్వేకా మీదుగానే దిగాలి.

బరాంకో గోడ గురించి ముందే చెప్పాలి. అది సుమారు 250 మీటర్ల రాతి ఎక్కుడు. తాళ్ళు అక్కరలేదు గాని చాలాచోట్ల చేతులు వాడాలి, ఒకచోట బండను కౌగిలించుకుని పక్కకు జరగాలి. మీ నాన్నగారికి లోతు చూస్తే కళ్ళు తిరిగే అలవాటు ఉంటే, అప్పుడు మాత్రం లెమోషో మాని, కెన్యా సరిహద్దు వైపున్న రోంగాయ్ దారిని ఏడు రోజులకు తీసుకోండి. అది వాన తక్కువ పడే వైపు, గోడలాంటి చోటు కూడా ఉండదు. మోకాళ్ళ సంగతి వేరు, ఏ దారైనా దిగుడు తప్పదు. లెమోషోలో శిఖరం నుంచి ఒక్కరోజులోనే దాదాపు 2,800 మీటర్లు దిగి మ్వేకా శిబిరం చేరతాం. నడక కర్రలు రెండూ ఉండి కూడా నాకు మర్నాడు మెట్టు దిగాలంటే వెనక్కి తిరగవలసి వచ్చింది.

గదుల ఆశ వదులుకోండి. మరంగు గదుల్లో పడక మెత్తగా ఉంటుంది, నిజమే. కానీ ఆ ఎత్తులో నిద్ర చెడిపోయేది పరుపు వల్ల కాదు. జనవరి నుంచి మార్చి మొదటి వారం వరకు, లేదా జూన్ నుంచి అక్టోబరు వరకు వెళితే గుడారం చాలు. పార్కు రుసుములు రోజుల లెక్కన ఉంటాయి కాబట్టి ఎనిమిది రోజులంటే ఖర్చు పెరుగుతుంది, అందులో తప్పించుకునేదేమీ లేదు. అలాగని మరీ తక్కువ ధర చెప్పేవారి దగ్గరికి పోకండి. రుసుములను ఎవరూ తగ్గించలేరు, ఆ తగ్గింపు సాధారణంగా మన సామాను మోసే కూలీల జీతంలోంచే వస్తుంది. ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడడానికి సాయపడే డయామాక్స్ మాత్రల గురించి ఇక్కడే వైద్యుణ్ణి అడగండి, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివారు ఎవరైనా ఉంటే.

డబ్బు కట్టే ముందు సంస్థవారిని ఏ రాత్రి ఏ శిబిరమో రాతపూర్వకంగా ఇవ్వమనండి. మీ ముగ్గురికి సహాయ గైడ్లు ఎంతమంది అని కూడా అడగండి. రెండోసారి మాతో వచ్చిన మా బాబాయి శిఖరం రాత్రి గంట నడిచాక ఇక వద్దన్నాడు. సహాయ గైడు ఒకరు ఆయన్ను బరాఫుకు తీసుకుపోయాడు, మేము ముందుకు సాగాం. గైడు ఒక్కడే ఉండి ఉంటే ఆయనతోపాటు మేమందరమూ దిగవలసి వచ్చేది.