వసారా పెంకులు గోడకు ఆనే చోట ఉరుపు: సిమెంటు కొట్టాలా, సీసం రేకు వేయాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ప్రొద్దుటూరు దగ్గర పల్లెలో మీ తాతల నాటి ఇల్లు. వెనక బండల మిద్దె, ముందు మంగళూరు పెంకుల వసారా. వసారా పైకొస మిద్దె గోడకు ఆనుకున్న చోట వానొస్తే గోడ పొడవునా తడి దిగుతోంది. మేస్త్రీ సిమెంటు కొడితే చాలంటున్నాడు. పాత ఇళ్ళకు సీసం రేకు వేస్తారని మీరు ఎక్కడో చదివారు. ఏది చేయాలి?

సిమెంటు మాత్రం కొట్టించకండి. సీసం గురించి వివరంగా చెప్తాను, ఎందుకంటే అది వేసినా వేయకపోయినా ఆ పని ఎలా చేస్తారో తెలిస్తే మీ గోడ దగ్గర ఏం జరుగుతోందో అర్థమవుతుంది.

మాది జమ్మలమడుగు వైపు. మా ఇల్లూ సరిగ్గా మీ ఇంటి లాంటిదే. ఆ సందు కోసం ఆరేళ్ళలో మూడుసార్లు డబ్బు పెట్టాను. మొదటిసారి సిమెంటు. చూడటానికి నున్నగా, బాగానే కనిపించింది. ఒక ఎండాకాలం గడిచేసరికి గోడకూ సిమెంటుకూ మధ్య వెంట్రుకంత చీలిక వచ్చింది. రెండోసారి దాని మీద తారు పూయించాను. మే నెల ఎండకు కరిగి పెంకుల మీదికి జారి, తర్వాత పెళుసెక్కి పెచ్చులుగా లేచింది. మూడోసారి అంగట్లో దొరికే అంటించే షీటు. రాతిగోడ దుమ్ముకు అది పట్టనే లేదు.

2021 నవంబరులో, చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన ఆ వారంలో, మా వైపూ వానలు వదల్లేదు. గోడగూట్లో పెట్టిన పాస్ పుస్తకాలు, మా నాన్న చేతిరాతతో ఉన్న లెక్కల పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. పాస్ పుస్తకాలకు నకళ్ళు తెచ్చుకోవచ్చు. నాన్న రాత ఎక్కణ్ణుంచి తెస్తాను? ఆ రాత్రి టార్చ్ పట్టుకుని గోడ మీద నీళ్ళు దిగుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాతే ఈ విషయం పట్టించుకుని నేర్చుకున్నాను.

వాన వెలిశాక ఒక పెద్దాయన్ని పిలిచాను. డెబ్బై ఏళ్ళు దాటిన బండల మేస్త్రీ. ఆయన పైకెక్కగానే తాపీ తీయలేదు. ఒక చెంబు, బక్కెట నీళ్ళు అడిగాడు. ముందు చూరు వైపు పోశాడు, నన్ను లోపల నిలబెట్టి చూడమన్నాడు. పది నిమిషాలు ఆగాడు. తర్వాత ఒక అడుగు పైకి, మళ్ళీ ఆగాడు. అలా పైకి పోతూ పోతూ గోడ మొదలు దగ్గర పోసినప్పుడు లోపల చుక్క కనిపించింది. మొదటే పైనుంచి పోస్తే అన్నీ తడుస్తాయి, ఎక్కడ దిగిందో తెలియదు. మీరూ ఏ పనీ మొదలుపెట్టక ముందు ఈ చెంబు పరీక్ష చేయండి. పగిలిన పెంకు వల్ల కారుతున్నదాన్ని కూడా గోడ మీదికి నెట్టి చెప్తుంటారు. కోతులు ఉన్న ఊళ్ళో పెంకులు పగలడం మామూలే.

సిమెంటు ఎందుకు పోయిందని అడిగితే ఆయన ఇలా అన్నాడు: "గోడ గోడే, వాసాలు వాసాలే. కట్టె వానకు ఉబ్బుతాది, ఎండకు కుంచుకుంటాది. గోడ కదలదు. రెండిటినీ కలిపి అంటిస్తే ఎట్టుంటాదప్పా? పైది కిందదాని మీద పడాల. అంటుకోకూడదు."

ఆయన చెప్పిందే ఇంగ్లండులో శతాబ్దాలుగా సీసంతో చేస్తున్నారు. మా అక్క కొడుకు అక్కడ వందేళ్ళు దాటిన ఇంట్లో అద్దెకుంటాడు. కప్పు బాగు చేస్తుంటే ఫొటోలు, వీడియోలు పంపాడు. గోడలో ఇటుకల మధ్య దరుజు చెక్కి, కనీసం 25 మిల్లీమీటర్ల లోతున సీసం రేకు అంచును దూరుస్తారు. చిన్న సీసం ముక్కలే చీలల్లా కొట్టి బిగిస్తారు. అక్కడినుంచి రేకు కిందికి వంగి పెంకుల మీద పడుతుంది. పెంకులకు దాన్ని అంటించరు. గోడ మీద కారే నీళ్ళు రేకు మీదికి, రేకు మీంచి పెంకుల మీదికి, అలా చూరుదాకా పోతాయి. లోపల కట్టె కదిలినా రేకు కింద కదులుతుంది తప్ప సందు తెరుచుకోదు. దీన్నే వాళ్ళు ఫ్లాషింగ్ అంటారు.

సీసమే ఎందుకంటే అది మెత్తన. చెక్క సుత్తితో తట్టితే పెంకు వంపులోకి, మూలలోకి, ఎక్కడికైనా ఒదిగిపోతుంది. తుప్పు పట్టదు. గాలికి పైన ఒక పొర కట్టుకుని తనను తాను కాపాడుకుంటుంది. మంచి చేతి పని అయితే వందేళ్ళు ఉంటుంది. ప్లంబర్ అన్న మాట పుట్టిందే సీసానికి లాటిన్‌లో ఉన్న ప్లంబం అన్న పేరునుంచి. అంటే అసలు ఆ వృత్తి పేరే సీసం పని.

కానీ అదే సీసం చేతకాని పనివాడి చేతిలో పదేళ్ళు కూడా నిలవదు. ఇక్కడే మీరు బాగా గమనించాలి. సీసం వేడికి చాలా సాగుతుంది, ఇనుముకు రెండింతల పైనే. మీ వసారా పొడవు 30 అడుగులు అనుకుందాం. తెల్లవారుజామున చల్లగా ఉన్న రేకు మధ్యాహ్నానికి 45 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే, 30 అడుగుల ఒకే ముక్క 12 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. రోజూ సాగి, రోజూ ముడుచుకుని, కొన్నేళ్ళకు మధ్యలో అలసి చీలిపోతుంది. అందుకే అక్కడ ఒక్కో ముక్క 1.5 మీటర్లు మించనివ్వరు. ఆ ముక్క 2 మిల్లీమీటర్లే కదులుతుంది. ఒక ముక్క మీద ఇంకో ముక్కను కనీసం 100 మిల్లీమీటర్లు ఎక్కిస్తారు, అతకరు. మన అనంతపురం, కడప ఎండల్లో ఈ నియమం ఇంకా ముఖ్యం. రేకును ఒకే పొడవుగా వేస్తే సందులు తక్కువ, గట్టిగా ఉంటుందని చెప్పే పనివాడికి ఈ పని తెలియదు.

మరి మీ ఇంటికి సీసం వేయాలా? నా మాట అడిగితే వద్దు. మొదటిది బరువు, ఖర్చు. ఇలాంటి చోట ఇంగ్లండులో వాడే సీసం రేకు (మందాన్ని బట్టి దాన్ని కోడ్ 4 అంటారు) 1.8 మిల్లీమీటర్ల మందం, చదరపు మీటరుకు 20 కిలోల పైన తూగుతుంది. అడుగు వెడల్పున మీ 30 అడుగులకు ఎక్కింపులతో కలిపి 60 కిలోల దాకా కావాలి. రెండోది విషం. మన దగ్గర చూరు నీళ్ళు తొట్టిలో పట్టి వాడుకునే ఇళ్ళు ఉన్నాయి. సీసం మీంచి వచ్చిన నీళ్ళు తాగడానికి, వంటకు పనికిరావు. పాత బ్యాటరీల సీసం ఇంట్లో కరిగించి రేకు కొట్టిస్తామని ఎవరైనా అంటే అసలు ఒప్పుకోకండి. ఆ పొగ, ఆ ధూళి చిన్నపిల్లల మెదడుకు చేటు. మూడోది, దాన్ని తట్టి ఒదిగించే చేయి మన ఊళ్ళలో దొరకడం కష్టం.

మా తాత సీసం వాడాడు, కానీ వేరే పనికి. మా ఇంటి కిటికీ కమ్మీలను రాతి చట్రంలో పెట్టి, సీసం కరిగించి పోసి బిగించారు. ఇప్పటికీ ఒక్క కమ్మీ కదల్లేదు. ఇనుముకూ రాతికీ మధ్య మెత్తనిది ఏదో ఉండాలని ఆ రోజుల్లో పనివాళ్ళకు తెలుసు.

మా పెద్దాయన నన్ను ఇంటి వెనక్కి తీసుకుపోయి, నేను పుట్టినప్పటినుంచీ చూస్తూ ఎన్నడూ పట్టించుకోనిది చూపించాడు. వెనక వంటింటి పెంకులు గోడను తాకే చోట, వాటికి కాస్త పైన, గోడలోనుంచి నాలుగంగుళాలు బయటికి పొడుచుకొచ్చిన కడప బండల వరుస ఉంది. ముందుకు కాస్త వాటం. కింది వైపు అంచు దగ్గర వేలి వెడల్పున ఒక గాడి. ఆ గాడి లేకపోతే నీళ్ళు బండ అడుగును అంటుకుని మళ్ళీ గోడకే వస్తాయి. గాడి దగ్గరకు రాగానే చుక్కై పెంకుల మీద రాలిపోతాయి. ఆ వైపు మాకు ఎన్నడూ ఉరవలేదు. ముందు వైపు వసారా ఆ తర్వాతెప్పుడో కట్టింది, దానికి ఈ బండలు పెట్టలేదు.

మిద్దెల మీద చౌడు పోసే రోజుల్లో మా అవ్వ కూడా పిట్టగోడ మొదట్లో చౌడు కాస్త ఎత్తుగా, వాటంగా సర్దించేది. అక్కడ నీళ్ళు నిలవకూడదని ఆమెకు ఎవరూ పుస్తకం చదివి చెప్పలేదు.

ఇప్పుడు ముందు వైపు బండలు దూర్చాలంటే పాతగోడ చాలా కదిలించాలి. మాది మట్టి కట్టుబడి రాతిగోడ, ఆయన వద్దన్నాడు. అందుకని జీఐ రేకు, అంటే జింకు పూత ఉన్న ఇనుప రేకు వేశాం. ప్రొద్దుటూరులో రేకు పని చేసే ఒకతనితో నాలుగున్నర అడుగుల ముక్కలు కోయించి, పై అంచు గోడలోకి పోయేలా, కింది అంచు ముక్కుగా వంగేలా మడత పెట్టించాం. గోడలో కటింగ్ మిషనుతో అంగుళం పైన లోతున గాడి తీశాం. రేకు గోడను ఆనుకుని ఆరంగుళాలు ఉంది, పెంకుల మీద ఎనిమిది అంగుళాలు పడింది. ముక్క మీద ముక్క నాలుగంగుళాలు. ఇనుప రేకు సీసంలా పెంకు వంపుల్లోకి ఒదగదు. గాలివానకు ఆ ఖాళీల్లోంచి నీళ్ళు పైకి ఎగదన్నుతాయి, అందుకే వెడల్పు ఎక్కువ పెట్టాం. గాడిని సున్నంతో మూశాం. అల్యూమినియం రేకు వేస్తే ఈ గాడి విషయంలో జాగ్రత్త, తడి సిమెంటు గానీ సున్నం గానీ దాన్ని తినేస్తాయి. పచ్చి సిమెంటు సీసాన్నీ వదలదు.

పని అంతా చివరి మూలలో తెలుస్తుంది. రేకు అయిపోయే చోట, వసారా పక్కగోడ తగిలే చోట, నీళ్ళన్నీ అక్కడికే చేరతాయి. మా రేకు పనివాడు ఆ ఒక్క మూల ముక్కను మూడుసార్లు విప్పి మళ్ళీ మడిచాడు. కోయకుండా మడతతోనే మూల తిప్పాడు. కోసి అతికితే అతుకు దగ్గరే పోతుందన్నాడు. మిగతా 30 అడుగులకు ఒక పూట పడితే ఆ మూలకు ఒక పూట పట్టింది. ఆ పూట కూలి నేను సంతోషంగా ఇచ్చాను. అప్పటినుంచి ప్రతి వానాకాలం చూస్తున్నాను, గోడ పొడిగా ఉంది.

కాబట్టి మీ మేస్త్రీని మార్చే ముందు మూడు మాటలు అడగండి. రేకు ఎంత పొడవు ముక్కలుగా వేస్తావు? గోడలోకి ఎంత లోతు పోతుంది? చివరి మూలలో ఏం చేస్తావు? మూడో ప్రశ్నకు పైకెక్కి చూసి చెప్తానంటే అతన్నే పెట్టుకోండి. సిమెంటు మసాలా పూస్తే సరిపోతుందంటే వద్దు.

పని ఎండాకాలంలోనే పెట్టుకోండి, గోడ లోపలిదాకా ఆరాక. మన వైపు గట్టి వానలు సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఉంటాయి కాబట్టి మే నెల దాటనివ్వకండి. ఉదయం పూట, రేకు కాలకముందే బిగించాలి. పాత సిమెంటును సుత్తితో ఒక్కసారిగా ఊడగొట్టనివ్వకండి, దాంతోపాటు పెంకులూ పగులుతాయి. పైకి ఎక్కేవాళ్ళు వాసాల మీద పడేలా పలక వేసుకుని నడవాలి. పది పెంకులు అదనంగా తెచ్చి పెట్టుకోండి. పాతవాటి కొలతకే సరిపోయేవి కావాలి, పాత ఇళ్ళు పడగొట్టే చోట అడిగితే దొరుకుతాయి.

ఆ మూల దగ్గర, లోపలి నుంచి ఒకటి, పైనుంచి ఒకటి ఫొటో తీసి పెట్టండి. మీ గోడ రాయా, ఇటుకా అన్నది కూడా రాయండి. గాడి ఎక్కడ తీయాలో అది చూసి చెప్తాను.