పిల్లి ఒంటికి ఏది పూసినా దాని కడుపులోకే

అమ్మలూ,

ఇంట్లోకి పర్షియన్ పిల్లిపిల్ల వచ్చిందనీ, వారం వారం ఏ షాంపూతో స్నానం చేయించాలా అని చూస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. షాంపూ సంగతి తర్వాత. పిల్లి తన ఒళ్లు తానే నాక్కుని శుభ్రం చేసుకుంటుంది. దాని ఒంటికి నువ్వు ఏది పూసినా, కాళ్లకు ఏది అంటినా చివరికి కడుపులోకే పోతుంది. మనకు సులువుగా అరిగిపోయేవి కొన్ని దాని కాలేయం అరిగించుకోలేదు. అందుకే గచ్చు తుడిచే ఫినాయిల్ మానెయ్యండి, సబ్బునీళ్లు చాలు. యూకలిప్టస్, టీ ట్రీ నూనెలు దాని దగ్గరికే రానివ్వకు. కుక్కల గోమార్లకు వాడే చుక్కల మందు అస్సలు వెయ్యొద్దు. వాటిలో చాలావాటిలో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. అది పిల్లికి పడితే వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికొస్తుంది.

నీ శ్రద్ధంతా దువ్వడం మీద పెట్టు. ఈ జాతికి రోజూ దువ్వాల్సిందే. లేకపోతే రాలిన వెంట్రుకలన్నీ మింగి ఉండలు ఉండలుగా కక్కుతుంది. స్టీలు దువ్వెన తీసుకో, ముందు వెడల్పు పళ్లతో, తర్వాత సన్న పళ్లతో దువ్వు. వీపు మీద అందరూ దువ్వుతారు, చిక్కులు పడేది మాత్రం చెవుల వెనక, చంకల్లో, తోక కింద. చిక్కు దొరికితే కుదుళ్ల దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని కొసల నుంచి మెల్లగా విడదియ్యి. కత్తెర మాత్రం పెట్టకు తల్లీ. దాని చర్మం పల్చన, చిక్కుతో పాటు పైకి లేచి తెగిపోతుంది. స్నానం ఎప్పుడో ఒళ్లు బాగా మాసినప్పుడు చాలు, అదీ పిల్లుల షాంపూతో. చిక్కులు ముందే తీసెయ్యి, తడిస్తే ఇంకా బిగుసుకుంటాయి.

చప్పిడి మొహం కదా, కళ్లు కారుతూనే ఉంటాయి. గోరువెచ్చని నీళ్లలో దూది తడిపి తుడువు, ఏ కంటికి ఆ దూదే. చెవుల్లో ఇయర్ బడ్స్ పెట్టొద్దు. గోళ్లకు తెల్లటి కొస మాత్రమే కత్తిరించు, లోపల గులాబీ రంగులో కనిపించేది రక్తనాళం.

మీ వదిన నీళ్లోసుకుందని పిల్లిని ఎవరికైనా ఇచ్చేయమంటున్నారట. అక్కర్లేదు. కడుపులో బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా అనే క్రిమి గురించే ఆ భయం. పిల్లి మలంలో అది బయటికొచ్చినా, ఇంకొకరికి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి లిట్టర్ ట్రే, అదే పిల్లి మలమూత్రాలకు ఇసుక పోసి పెట్టే పళ్లెం, నువ్వే రోజూ శుభ్రం చెయ్యి, వదినను ముట్టుకోనివ్వకు. పిల్లికి పచ్చి మాంసం పెట్టొద్దు. వదిన తినే మాంసం కూడా బాగా ఉడకాలి, ఆ క్రిమి అందులోంచీ వస్తుంది.

ట్రే తీసేటప్పుడు మూత్రానికి తడిసి ఇసుక కట్టిన ఉండలు రోజూ ఉన్నాయో లేదో చూడు. నీది మగపిల్లి. పదే పదే ట్రేలోకెళ్లి ముక్కుతూ చుక్క కూడా పొయ్యకపోతే విరేచనం కాలేదేమోలే అని ఊరుకోకు. మూత్రం అడ్డుపడి ఉంటుంది. తెల్లారేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

మీ పెద్దమ్మ