చెన్నైలో పరుగంటే సాయంత్రమే

పరుగు హాయిగా సాగాలంటే రోజులో ఏ వేళ మంచిదని అడిగారు. చెన్నై వరకు నా జవాబు ఒక్కటే: సాయంత్రం, సముద్రపు గాలి మొదలయ్యాక. ఇక్కడ ఎవర్ని అడిగినా తెల్లవారుజామునే లేవమంటారు. నేనూ నాలుగేళ్లు అదే నమ్మాను.

మాది కావలి. చిన్నప్పటినుంచీ పొద్దున్నే గ్రౌండుకి వెళ్లడం అలవాటు. మైలాపూరు వచ్చాక కూడా నాలుగున్నరకి అలారం పెట్టుకుని మెరీనాకి వెళ్లేవాణ్ణి. ఒక మే నెలలో, మనకి రోహిణి కార్తెలాగా వీళ్లకి అగ్నినక్షత్రం ఉంటుందే, ఆ రోజుల్లో, లేబర్ స్టాచ్యూ దగ్గర మొదలుపెట్టి లైట్‌హౌస్ వైపు వెళ్తున్నాను. ఆకు కదలడం లేదు. చీకట్లోనే టీషర్టు తడిసి ఒంటికి అంటుకుపోయింది. చెమట కారుతోందే గాని ఆరడం లేదు. ఇంతలో సూర్యుడు సముద్రం మీంచి లేచి ఎడమ చెంప కాల్చడం మొదలుపెట్టాడు. గాంధీ విగ్రహం ఇంకా కాస్త దూరం ఉందనగా కళ్లు తిరిగి పిట్టగోడ మీద కూలబడ్డాను.

అక్కడ ఊడుస్తున్న ఒక పెద్దావిడ చీపురు పక్కన పడేసి వచ్చింది. "అమ్మా, నీళ్లు" అన్నాను. తెలుగు వినగానే, "ఏంది నాయనా, ఏమన్నా తిని వచ్చావా లేదా?" అంటూ తన బాటిల్ నా చేతిలో పెట్టింది. వాళ్ల తాత నెల్లూరు వైపు నుంచి వచ్చాడట. ఈ ఊరి వీధులు ఊడ్చేవాళ్లలో తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు చాలామంది. మద్రాసులో మనవాళ్ల గొప్పలు చెప్పుకునేటప్పుడు సినిమావాళ్లని, పంతుళ్లని తలుస్తాం, వీళ్ల ఊసెత్తం. నాకది బాధగా ఉంటుంది.

నేను తేరుకున్నాక ఆవిడ, "ఇప్పుడు గాలి యాడుంటది నాయనా? పొద్దు వాలినాక రా, సముద్రం గాలి చల్లగా కొడతా ఉంటది" అంది.

ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పగలంతా నేల వేడెక్కుతుంది, దానివల్ల సముద్రం మీద గాలి ఒడ్డుకి వస్తుంది. రాత్రి నేల చల్లారాక ఆ గాలి ఆగిపోతుంది. తెల్లవారుజామున గాలిలో తేమ బాగా ఎక్కువ, అందుకే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. మే నెలలో రాత్రి కూడా 28 డిగ్రీల దగ్గరే ఉంటుంది, ఇంక పొద్దున్న చల్లదనం ఎక్కడిది? అదే సాయంత్రమైతే ఎండ ఊరి మేడల వెనక్కి పోతుంది. లైట్‌హౌస్ వైపు వెళ్లేటప్పుడు ఎదురుగాలి ముఖానికి తగులుతుంది, తిరిగొచ్చేటప్పుడు అదే గాలి వీపున తోస్తుంది. ఒళ్లు కూడా సాయంత్రానికే బాగా వేడెక్కి ఉంటుంది. పొద్దున్న మొదటి రెండు కిలోమీటర్లు కర్రల్లా ఉండే నా కాళ్లు ఆరింటికి మొదటి అడుగు నుంచే కదులుతాయి.

ఇబ్బందులు లేవనను. ఆదివారం సాయంత్రం మెరీనాలో అడుగు పెట్టలేం, ఆ రోజు మానేస్తాను. సరిగ్గా ఆరింటికి మీటింగ్ పెట్టే మేనేజర్లని మాత్రం క్షమించలేను. ఎనిమిది గంటలు కూర్చోబెట్టింది చాలదా? వాన వెలిసిన రోజుల్లో లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కులో చుట్లు కొడతాను. ఆంధ్రపత్రిక, అమృతాంజనం పెట్టిన మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరే అది. రోజూ అక్కడ నడిచే తెలుగువాళ్లకే ఆ సంగతి తెలియకపోతే ఎలా?

మీకు పొద్దున తప్ప వీలుకాకపోతే డిసెంబరు, జనవరి చూసుకోండి. ఆ రెండు నెలలూ చెన్నై పొద్దున కూడా బాగుంటుంది.

సాయంత్రాలకి మారాక ఆవిడ మళ్లీ కనబడలేదు. ఆవిడ కోసమే ఒక శనివారం పొద్దున్నే వెళ్లాను. ఆ పిట్టగోడ దగ్గర వేరే ఎవరో ఊడుస్తున్నారు.