ఒకే పాయింట్‌లో మూడు గీతలు కలిస్తే, అవి ప్లేన్‌లో ఉన్నా స్పేస్‌లో ఉన్నా సింగులారిటీ (కర్వ్ నునుపుగా లేని ఆ చోటు) ఒకటేనా?

కాదు, రెండూ వేరు: మూడు గీతలూ ఒకే ప్లేన్‌లో ఉంటే డెల్టా ఇన్వేరియంట్ 3, స్పేస్‌లో ఎక్స్, వై, జెడ్ అక్షాల్లా ఉంటే 2.

డెల్టా అంటే ఏంటంటే, గీతల్ని విడదీసి ఒక్కోదాని మీద మనకి నచ్చిన పాలినామియల్ పెట్టుకున్నాం అనుకోండి, ఆ మూడూ కలిసి అసలు కర్వ్ (అంటే కలిసి ఉన్న మూడు గీతలు) మీద ఒకే పాలినామియల్ ఫంక్షన్ అవ్వాలంటే ఎన్ని షరతులు కావాలో ఆ లెక్క. అక్షాల విషయంలో సున్నా దగ్గర మూడు విలువలూ సమానమైతే చాలు, అంటే 2 షరతులు, అంతే. ప్లేన్‌లో ఇంకో షరతు తగులుతుంది, అసలు విషయం అక్కడే ఉంది.

ఎక్స్ అక్షం, వై అక్షం, వై = ఎక్స్ గీత తీసుకోండి. ఫంక్షన్‌లో ఎక్స్ గుణకం బి, వై గుణకం సి అయితే మొదటి రెండు గీతల మీద వాలు బి, సి వస్తాయి, మూడోదాని మీద బి + సి తప్ప ఇంకేదీ రాదు. కాబట్టి ఎక్స్ అక్షం మీద టి (అంటే అక్కడి ఎక్స్ విలువ), మిగతా రెండిటి మీద 0 కావాలంటే ప్లేన్‌లో కుదరదు, స్పేస్‌లో మాత్రం ఎక్స్ అనే ఫంక్షనే ఆ పని చేసేస్తుంది.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, శాఖలు (పాయింట్ గుండా వెళ్లే ముక్కలు) 3, మల్టిప్లిసిటీ (ఆ పాయింట్ ఎన్ని రెట్లుగా లెక్కకొస్తుందో ఆ సంఖ్య) కూడా 3, పైగా స్పేస్‌లోని గీతల్ని ప్లేన్ మీదకి ప్రొజెక్ట్ చేస్తే పాయింట్‌కి పాయింట్ సరిపోతుంది కదా, ఇంక తేడా ఏముంది అనుకుంటారు. సరిపోతుంది నిజమే, కానీ వెనక్కి వచ్చే మ్యాప్ పాలినామియల్ కాదు. ఆర్ గీతలకి డెల్టా ఆర్(ఆర్−1)/2 అనే ఫార్ములా కూడా ప్లేన్‌కే, ఆర్ అక్షాలకైతే ఆర్−1.