ఐదో మాట చెప్పబోతున్న నీకు

బాబూ, వందనాలు.

గుడ్ ఫ్రైడే ఆరాధనలో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఐదోదాని మీద ప్రసంగం నీకు ఇచ్చారని, టెన్షన్‌తో సరిగ్గా అన్నం కూడా తినడం లేదని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. 'దప్పిగొనుచున్నాను'. చూడ్డానికి చిన్న మాటే, దీని మీద ఏం చెప్తాంలే అనిపిస్తుంది, అందుకే మనం అందులోకి వేరేవి తెచ్చి కుక్కుతాం.

నేనూ అదే చేశాను. మొదటిసారి నిలబడ్డప్పుడు కొరడాలు, మేకులు, రక్తం అంటూ వర్ణించాను, జనం ఏడ్చారు, బాగా చెప్పాననుకున్నాను. ఇంటికొచ్చి సువార్తలు తీస్తే, వాటిని రాసిన నలుగురూ సిలువ వేశారని ఒక్క ముక్కలో రాసి ముందుకెళ్లిపోయారు. వాళ్లు రాయనిదే నేను ఇరవై నిమిషాలు చెప్పి, రాసింది వదిలేశాను.

రాసిందేంటో చూడు. సిలువ వేసే చోటు గొల్గొతాకి తీసుకురాగానే బోళం అనే చేదు జిగురు కలిపిన ద్రాక్షారసం ఇవ్వబోతే ఆయన పుచ్చుకోలేదు, మార్కు 15:23. నొప్పి తెలియకుండా ఇచ్చే మత్తు అదని చాలామంది పండితులు అంటారు. అంతకుముందు రాత్రంతా, ఆయన్ని పట్టుకున్న గెత్సేమనే తోట నుంచి యాజకులైన అన్న, కయపల దగ్గరికి, తెల్లారాక రోమా అధిపతి పిలాతు దగ్గరికి, గలిలయను ఏలే హేరోదు దగ్గరికి తిప్పారు, ఎవరైనా గుక్కెడు నీళ్లిచ్చినట్టు ఎక్కడా లేదు. పొద్దున తొమ్మిదింటికి సిలువ మీదికెక్కితే మధ్యాహ్నం మూడు దాకా అక్కడే. చివరికి దాహమన్నాక సైనికులు తాగే పుల్లటి చిరకలో స్పంజీ ముంచి, హిస్సోపు అనే మొక్క పుడకకి గుచ్చి నోటికందిస్తే అది మాత్రం పుచ్చుకున్నాడు. మత్తు వద్దన్నాడు, గొంతు తడుపుకున్నాడు, వెంటనే 'సమాప్తమైనది' అన్నాడు. నాకు ఇక్కడే మాట పెగలదు బాబూ. సమరయ స్త్రీని బావి దగ్గర నీళ్లడిగి, నేనిచ్చే నీళ్లు తాగితే ఇంకెప్పుడూ దప్పిక కాదని చెప్పింది ఆయనే కదా.

హిస్సోపు దగ్గర నిర్గమకాండం 12 గుర్తుచెయ్, పస్కా గొర్రెపిల్ల రక్తాన్ని గుమ్మాలకి పూసింది దానితోనే. రెండు వాక్యాలు చాలు.

'యూదులు చంపారు' అనే ధోరణిలోకి మాత్రం అస్సలు పోవద్దు. సిలువ రోమా వాళ్ల శిక్ష, అప్పగించింది పిలాతు, దాహమన్నాయన కూడా యూదుడే.

పదిహేను నిమిషాలు దాటకు, నీ తర్వాత ఇంకా రెండు మాటలున్నాయి. ఎదురుగా కూర్చున్న ముసలమ్మలు ఏప్రిల్ ఎండలో పొద్దుటి నుంచి ఉపవాసంతో వచ్చినవాళ్లు. మైకు పక్కన నీళ్ల సీసా పెడతారు, ఎక్కేముందే దాన్ని తీసెయ్యమను.