గ్యాస్ కొలిమి లోపలి పూత పెచ్చులూడితే

అన్నా, కొలిమి లోపల కాస్టబుల్ (నీళ్లతో కలిపి పూసే, వేడిని తట్టుకునే మిశ్రమం) పూసిన మర్నాడే ప్రొపేన్ బర్నర్ ఫుల్లుగా పెట్టానని, పావుగంటలో పెచ్చులూడిందని రాశారు. టెన్షన్ పడకండి, మెటీరియల్‌లో లోపం లేదు. లోపలి తడి ఆవిరై, బయటికి దారి దొరక్క పూతను పగలగొట్టింది.

ఊడిన చోట నీళ్లు చల్లి, ఎన్95 మాస్క్ పెట్టుకుని గీకండి. ఒకసారి కాలిన సెరామిక్ ఫైబర్ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. పూత వెనక వేడిని ఆపే ఈ ఫైబర్ బ్లాంకెట్ (దూదిలాంటి పరుపు) 25 మి.మీ. పొరలు రెండు ఉంటే మంచిది. కొత్త పూతకు ముందు దాన్ని కాస్త తడపండి, పొడిగా ఉంటే పూతలోని నీటిని లాగేస్తుంది. పూత మందం సుమారు 10 మి.మీ. చాలు.

కాస్టబుల్ కూడా సిమెంటులాగే తడిలోనే గట్టిపడుతుంది. అందుకే మొదటి 24 గంటలు ప్లాస్టిక్ కవర్ కప్పి ఉంచండి. తర్వాత రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి, లోపల 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు రాత్రంతా వెలిగించండి. ఈ బల్బు పద్ధతి నాకు బాగా పనిచేసింది. ఆపై సన్నమంట ఐదు నిమిషాలు, చల్లారాక పది, అలా పెంచుకుంటూ వెళ్లండి. ఆవిరి కనిపిస్తే వెంటనే ఆపండి.

మంట మాత్రం ఆరుబయటే పెట్టండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.