కోపం ఒకటే, పెరిగిన ఇళ్లు రెండు

మీ అబ్బాయికి తాతగారి కోపం వచ్చిందని, పెంపకంతో అది మారుతుందా అని అడిగారు. మా అక్క కవల కూతుళ్లను పదిహేనేళ్లుగా దగ్గరనుంచి చూస్తున్నాను కనుక నమ్మకంగానే చెబుతున్నాను: కోపం పోదు, కానీ కోపం వచ్చాక చేసే పని మారుతుంది.

ఇద్దరూ ఒకే అండం నుంచి పుట్టిన కవలలు. కాన్పు తరువాత అక్క ఆరోగ్యం దెబ్బతినడంతో పెద్దమ్మాయి ధర్మవరంలో మా అమ్మానాన్నల దగ్గర, చిన్నమ్మాయి ఆదోనిలో మా బావగారి ఉమ్మడి కుటుంబంలో పెరిగారు. వేరుశనగను ఒకరు శెనక్కాయలంటారు, మరొకరు బుడ్డలంటారు. ముక్కుమీద కోపం మాత్రం ఇద్దరికీ ఒకటే.

కిందటి వేసవిలో చిన్నమ్మాయి ముచ్చటపడి మా మగ్గం ముందు కూర్చుంది. పడుగులో, అంటే మగ్గంమీద నిలువుగా సాగే దారాల్లో, ఒక పోగు తెగింది. అతకబోతే రెండుసార్లు వేళ్లలోంచి జారింది. పెదవి బిగిసింది, చెవులు ఎర్రబడ్డాయి, మగ్గాన్ని ఒక్క తోపు తోసి లేచిపోయింది. ఆమె స్థానంలో కూర్చున్న పెద్దమ్మాయికీ కాసేపటికి పోగు తెగింది. అదే పెదవి బిగింపు, అవే ఎర్రని చెవులు. అయితే ఆమె వేళ్లకు చిటికెడు బూడిద అద్దుకుని, తెగిన కొస వెతికి, మెలిపెట్టి అతికింది. మా నాన్న రోజుకు ఎన్నిసార్లు పోగు తెగినా నోరెత్తకుండా అతకడం ఆమె పుట్టినప్పటినుంచీ చూసింది. ఆదోని ఇంట్లో గట్టిగా అరిచినవారి మాటే నెగ్గుతుంది.

విడివిడిగా పెరిగిన కవలలపై 1979లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో థామస్ బుషార్డ్ అధ్యయనం మొదలుపెట్టారు. అందులో ఒకే అండం నుంచి పుట్టి విడిగా పెరిగిన కవలల స్వభావాలు కలిసి పెరిగినవారి స్వభావాలంత దగ్గరగానే కనిపించాయి. దానిని చూపి పెంపకం దండగ అనేవారితో నేను ఏకీభవించను. అలాంటి అధ్యయనాల్లో స్వభావాన్ని కొలవడానికి ఇచ్చే ప్రశ్నపత్రానికి కోపం ఎంత తొందరగా వస్తుందో తెలుస్తుంది గాని, వచ్చాక చేతులు ఏం చేస్తాయో తెలియదు. వ్యక్తిత్వంలో సుమారు సగం వారసత్వమని చెప్పే లెక్క కూడా జనంలో మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాల గురించే. మీ అబ్బాయి కోపంలో సగం తాతగారిదని దాని అర్థం కాదు.

నాకు బాధ కలిగించేది బంధువుల తీరు. పిల్లవాడి ఎదుటే "అదంతా తాత రక్తం" అంటారు. అలాంటి మాటలు వినీ వినీ మా చిన్నమ్మాయి కూడా "నాది అమ్మమ్మ కోపం, ఏం చేయను" అంటోంది. మీ ఇంట్లో ముందు ఆ మాట మాన్పించండి. తరువాత, మీకు కోపం వచ్చినప్పుడు మీరేం చేస్తున్నారో మీ అబ్బాయి చూస్తున్నాడని గుర్తుంచుకోండి. మా చిన్నమ్మాయిని ఈ సెలవులకూ ధర్మవరం పిలిపిస్తున్నాను; నాన్న ఆమెను తన పక్కనే కూర్చోబెట్టుకుంటానన్నారు.